కొంగ ఒక కాలు ఎందుకు మడుచుకుంది

ఒకప్పుడు కొంగలన్నీ రెండు కాళ్ళ మీదే నిలబడేవి. తెల్లారగానే కొల్లేటి నీళ్ళలో దిగి, రెండు కాళ్ళూ బురదలో పాతుకుని, పొద్దుగూకేదాకా అలాగే ఉండేవి. కొంగ కదిలిందా, చేప పారిపోయినట్టే.

ఆ కొంగల్లో ఒకదాని పేరు తెల్లి. దానికి తుమ్మచెట్టు మీద గూడు, గూట్లో రెండు పిల్లలు. మగకొంగ వేటగాడి వలలో పడి తిరిగి రాలేదు. పిల్లల పొట్టలు నింపడం తెల్లి ఒక్కదాని పనే అయింది.

ఆ ఏడు పుష్యమాసంలో చలి ఎముకలు కొరికింది. చేపలు అడుక్కి పోయాయి. ఒక్క చేప కోసం తెల్లి పూటంతా నిలబడాల్సి వచ్చేది. నిలబడగా నిలబడగా ఒకరోజు దాని కాలు పట్టేసింది. లోపల ఎవరో నరాన్ని పట్టుకుని తాడులా మెలిపెట్టినట్టుంది. అరిస్తే చేపలు బెదురుతాయని తెల్లి నోరు నొక్కుకుంది. కాసేపటికి నొప్పి వదిలింది. మర్నాడు మళ్ళీ పట్టింది. ఈసారి రెండు కాళ్ళకీ.

"ఎవరు నువ్వు? నా కాళ్ళెందుకు పట్టుకుంటున్నావు?" అని నీళ్ళలోకి చూసి అడిగింది.

"నేను చలిని," అంది అడుగునుంచి ఓ గొంతు. "నీ మీద నాకు పగేం లేదు. కదలకుండా ఉన్నదాన్నల్లా రాయనుకుంటాను. పట్టుకుని బిగిస్తాను. నాకు తెలిసిన పని అదొక్కటే."

"కదిలితే నా పిల్లలు పస్తుంటాయి."

"కదలకపోతే నేను పట్టుకుంటాను," అంది చలి.

తెల్లి ఓర్చుకుందామనుకుంది.

మూడోనాటి మధ్యాహ్నం గూటి మీద నీడ పడింది. గద్ద. తెల్లి ఎగరబోయింది. రెండు కాళ్ళూ కొయ్యబారిపోయి ఉన్నాయి. కాలితో తన్నకుండా కొంగ పైకి లేవలేదు. రెక్కలు టపటపా కొట్టుకుంటూ ముందుకు తూలి, ముక్కు బురదలో దిగబడేలా పడింది. ఎలాగో లేచి గూడు చేరేసరికి ఒక పిల్లే ఉంది. అది కళ్ళు మూసుకుని గూటి అడుక్కి అతుక్కుపోయి ఉంది. చెల్లెలు పడుకునే చోట రెండు నూగుఈకలున్నాయి.

ఆ మర్నాడు తెల్లి గూడు వదల్లేదు. సాయంత్రానికి పిల్ల, "అమ్మా, ఆకలి," అంది. తెల్లారేసరికి ఆ మాట అనే ఓపిక కూడా దానికి లేదు.

తెల్లి నీళ్ళలో దిగింది. కాస్త అవతల, పక్క ఊళ్ళో ఉండే పెద్దింట్లు అనే ఆవిడ నడుంలోతు నీళ్ళలో నత్తలు ఏరుకుంటోంది. ఉన్నట్టుండి ఆవిడ పళ్ళు బిగించి, గట్టు మీదికి పాకి, కాలు చాపి, బొటనవేలు పట్టుకుని మెల్లగా తనవైపు వంచుకుంది. రెండో చేత్తో పిక్క రుద్దుకుంది.

"అక్కా, నీ కాలు కూడా పట్టేస్తుందా?" అంది తెల్లి.

"రోజూ పట్టేసుద్ది. మా ఆయనకి లోతులో పట్టేసింది. పడవ అందుకోలేకపోయాడు. మూడోనాటికి తేలాడు."

తెల్లి తన పిల్ల సంగతి చెప్పింది. పెద్దింట్లు అయ్యో అనలేదు. కాలు రుద్దుకుంటూనే అంతా వింది.

"పట్టేసిన కాలితో పోట్లాడకే," అంది చివరికి. "మెల్లగా సాగదియ్యాలి. వెచ్చబెట్టాలి."

"నాకు చేతుల్లేవు గదా."

"పొట్ట కింద ఈకలున్నాయిగా. ఒక కాలు అందులో పెట్టుకో."

"మరి రెండోది?"

"అది నీళ్ళలో నొప్పి పడుద్ది. రెండూ కాచుకుంటా కూర్చుంటే పిల్లకి తిండెక్కడిది? ఒకటి నొప్పి పడతంటే ఒకటి కాచుకుంటది. తర్వాత మార్చుకో. మనలాంటోళ్ళకి ఇంతకన్నా దారి లేదు."

తెల్లి ఒక కాలు మడిచింది. పడింది. మళ్ళీ మడిచింది, మళ్ళీ పడింది. చేపలన్నీ చెదిరిపోయాయి. ఎండ నడినెత్తికొచ్చేసరికి నిలబడగలిగింది. పొద్దు వాలేముందు వేలెడు చేప ఒకటి దొరికింది.

"ఒక కాలే ఉందేం?" అంది చలి, తడుముకుంటూ.

"ఒకటి నీది. ఒకటి నా పిల్లది," అంది తెల్లి.

నాలుగు రోజులకి గద్ద మళ్ళీ వచ్చింది. నీళ్ళలో ఉన్న కాలు అప్పటికే బిగుసుకుపోయింది. తెల్లి మడిచిన కాలు దించి బురదని ఒక్క తన్ను తన్ని లేచింది. అప్పటికే పిల్ల వీపులో గోళ్ళు దిగాయి. తెల్లి తన పొడుగాటి ముక్కుతో గద్ద కంట్లో పొడిచింది. గద్ద పిల్లని వదిలేసి, గుడ్డిగా తిరుగుతూ రెల్లు మీదుగా పోయింది.

పిల్ల బతికింది. వీపు మీద ఈకలు మాత్రం మళ్ళీ మొలవలేదు. పోయిన పిల్ల చోటు గూట్లో ఖాళీగానే ఉండిపోయింది. తెల్లి కాళ్ళనొప్పీ పోలేదు. ఏ కాలు వంతు వచ్చినప్పుడు ఆ కాలు ఓర్చుకునేది. పెద్దయిన పిల్లకి వేట నేర్పేటప్పుడు ముందు కాలు మడవడమే నేర్పింది.

అప్పటినుంచే కొంగలు ఒంటికాలి మీద నిలబడుతున్నాయి. చూసినవాళ్ళు కొంగ జపం చేస్తోందని నవ్వుతారు. జపమూ లేదు, తపమూ లేదు. ఒక కాలు చలికిచ్చి, ఒక కాలు పిల్లల కోసం కాచుకుంటోంది.