సేదలంకలో అమ్మవారిని ఏమీ అడగరాదు

ఈ స్థల మహాత్మ్యాన్ని మొదట చెప్పినది సంగాని చినలక్ష్మమ్మ గారు. సంగాని వారింటి పెద్దకోడలు. రేవులో చిరిగిన వలలు బాగుచేస్తూ చెప్పినది. ఆమె నోట వచ్చినది వచ్చినట్టే ఇక్కడ రాయించడమైనది. గుడి బోర్డు మీద ఉన్నది వేరు. దాని సంగతి చివర వస్తుంది.

గోదావరి సముద్రంలో కలిసే చోట, నీళ్లు ఒక పక్క ఎర్రగా, ఒక పక్క నీలంగా కనబడతాయి. ఆ నడుమ ఉన్న చిన్న దిబ్బే సేదలంక. తెల్లని ఇసుక, మొగలి పొదలు, ఒక పొన్నచెట్టు. చెట్టు కింద చెయ్యి తలగడగా పెట్టుకుని పక్కకు ఒరిగి పడుకున్న సేదతల్లి విగ్రహం. యాత్రికులు పడవ దిగి, దణ్ణం పెట్టి, తెచ్చుకున్న చద్దన్నం తిని, నీడన కునుకు తీసి వెళతారు. ఇక్కడ మొక్కు లేదు, కోరిక లేదు, గుడిగంట కట్టరాదు.

పూర్వం ఈ దిబ్బకు పేరు లేదు. ఎదుటి ఒడ్డున ఉన్న ఊళ్లో సంగాని పోలయ్య పడవ నడిపేవాడు. ఒకనాటి ఉదయం ఎర్రచీర కట్టిన ముసలమ్మ వచ్చి దిబ్బకు తీసుకుపొమ్మన్నది.

"అక్కడేముంది అమ్మమ్మా, పీతలు తప్ప?"

"పీతలు నన్నేమీ అడగవు కదరా. అదే కావాలి."

పడవ సాగుతున్నంతసేపూ ఆమె గొణుగుడే. "లేచింది మొదలు ఒకటే గోల. ఒకడు వాన కావాలంటాడు. వాడి పక్కింటోడు ఉప్పు ఎండబెట్టుకున్నాను, వాన వద్దంటాడు. ఎవరి మాట వినను? కాస్త నడుం వాల్చనిస్తేనా!"

ఆమెను దింపి వచ్చేసరికి ఊరి అమ్మవారి గుడిలో దీపం నిలవడం లేదు. ఎన్నిసార్లు వెలిగించినా కొండెక్కుతోంది. పోలయ్య జరిగినది చెప్పగానే, వెళ్లిపోయినది అమ్మవారేనని అందరికీ అర్థమైంది. ఆ రోజే పోలయ్య ఒక్కగానొక్క కూతురు మంగతల్లికి జ్వరం కాసి, పిల్ల కన్ను తెరవలేదు.

"నీ చేతులతోనే దింపావు కదయ్యా! పోయి కాళ్లు పట్టుకుని తీసుకురా," అని పెళ్లాం ఏడ్చింది. మునసబు ఒడ్డునే నిలబడి, చెప్పు తడవకుండా, "ఊ, తొందరగా," అన్నాడు.

పోలయ్య తెడ్డు విరిగేలా వేసుకుంటూ వెళ్లాడు. అమ్మ పొన్నచెట్టు కింద నిద్రపోతోంది. పడవలో చూసినప్పుడు అది రోజంతా నాట్లు వేసి వచ్చిన మనిషి మొహం. ఇప్పుడు పాలు తాగి పడుకున్న పసిదాని మొహంలా ఉంది. పిలవబోయి మానుకున్నాడు. ఎండ ఆమె మీదికి జరుగుతుంటే, పడవ తెరచాప విప్పి తెచ్చి అడ్డం పట్టుకున్నాడు. ఎండ ఎటు జరిగితే చాప అటు జరిపాడు. కళ్లముందు మాత్రం పిల్లే మెదులుతోంది.

పొద్దు వాలాక అమ్మ కళ్లు తెరిచింది.

"ఏమడగడానికొచ్చావురా?"

"ఏమీ లేదమ్మా. ఎండగా ఉందని."

అమ్మ నవ్వింది. "అబద్ధమాడటం కూడా చేతకాదు నీకు. ఇంటికి పో. పిల్ల గంజి అడుగుతోంది."

పోలయ్య ఇల్లు చేరేసరికి మంగతల్లి గోడకానుకుని కూర్చుని, గంజిలో ఉప్పు చాల్లేదని తల్లితో పేచీ పెడుతోంది. పోలయ్య గుమ్మంలోనే చతికిలబడిపోయాడు.

ఆ రాత్రి అమ్మ పోలయ్యకు కలలో కనబడి, ఏటా వైశాఖంలో తాను అక్కడ సేద తీరుతానని, ఆ రోజుల్లో ఎవరూ ఏమీ అడగరాదని ఆజ్ఞ ఇచ్చింది. ఆమె పడుకున్న చోటే ఈ విగ్రహం వెలసింది. నేటికీ వైశాఖంలో ఊరి గుడి తలుపు మూస్తారు. లంకలో భక్తులు వంతులవారీగా తెరచాప పట్టి, ఎండతోపాటు జరుపుతారు. ఎన్నాళ్లుగానో నిద్ర కరువైన వారు కూడా ఇక్కడ ఒళ్లు తెలియకుండా నిద్రపోయి, తేలికపడి వెళతారు.

అయితే బోర్డు మీద అమ్మను వేడుకున్నది మునసబు గారని రాశారు. మొన్న ఆయన మనవలే లంకలో ఇత్తడి గంట కూడా కట్టించారు. గుడి కమిటీ వారు ఆ గంట దింపించి, బోర్డు మీద సంగాని పోలయ్య పేరు రాయించవలెను. ఈ సంగతి అమ్మవారితో చెప్పుకోవచ్చును గాని, ఆవిడ పడుకుని ఉన్నది. అందుకే తమరిని అడగడమైనది.