వాగు దాటిన ఏనుగు

"ఏనుగు ఒక్కటే వస్తే దాన్ని దండయాత్ర అనొచ్చా, అనకూడదా?"

కొలువు తీరగానే చిన్నమెట్ట రాజు గుండమరాజుగారు వేసిన ప్రశ్న ఇది. వేసినవారు మంచి కోపం మీదున్నారు. రాదూ మరి! పొరుగున ఉన్న పెద్దమెట్ట రాజుగారి పట్టపుటేనుగు గొలుసు తెంపుకుని, రెండు రాజ్యాలకీ హద్దయిన సిరివాగు దాటి వచ్చి, ఈయన సొంత చెరకు తోట సగం మేసేసింది. భటులు దాన్ని పట్టి తోటలోనే కట్టేశారు. కట్టేసినా అది మేత ఆపలేదు.

ప్రశ్న ఒకటే గానీ జవాబులు పండితుల కంటే ఎక్కువయ్యాయి. జంతువుకి హద్దు వర్తిస్తుందా? వాగు మధ్యలో నిలబడితే ఏ రాజ్యం కింద లెక్క? ముందుకాళ్లు ఇటు, వెనకకాళ్లు అటు ఉంటేనో? రోజుల తరబడి అదే చర్చ. అందరికంటే గట్టిగా మాట్లాడినవారు భువన దీక్షితులు. ఆయనకు 'పరరాష్ట్ర పంచానన' అని బిరుదు. అది ఆయనే పెట్టుకున్నారని కొందరంటారు.

"ప్రభూ! చతురంగ బలాలంటే రథ గజ తురగ పదాతులు. అంటే గజం సైన్యంలో నాలుగో వంతు. నాలుగో వంతు సైన్యం హద్దు దాటాక కూడా దండయాత్ర కాదనడమేమిటి? తెల్లారగానే యుద్ధభేరి వేయించండి!"

రాజుగారు మీసం మీద చెయ్యి వేశారు.

ఆ చెయ్యి చూసి రాయసం మాచసానికి బెంగ పట్టుకుంది. రాజుగారి ఉత్తరాలు రాసే ఉద్యోగం ఆమెది. యుద్ధం అంటూ వస్తే ఆ కబురు రాయాల్సిందీ ఆమే. కానీ ఆమె బెంగ అది కాదు. కూతుర్ని పెద్దమెట్టలో ఇచ్చింది. ఆ పిల్లకి ఏడో నెల, తొలి చూలు. పురుటికి పుట్టింటికి రావాలి. ఏనుగు దాటిన రోజే వాగు మీద తెప్పలు ఆపేశారు. ఇప్పుడు భేరి మోగిందంటే పిల్ల ఆ గట్టున, తల్లి ఈ గట్టున.

"ప్రభూ, నాదో సందేహం," అంటూ లేచింది.

దీక్షితులు నవ్వారు. "రాయసంగారి వియ్యంకులు అవతలి గట్టున ఉన్నారు ప్రభూ. సందేహాలు రాక ఏం చేస్తాయి?"

కొలువు కిసుక్కుమంది.

"నిజమే స్వామీ," అంది మాచసాని. "వియ్యంకులతో వేగేదాన్ని. పొరుగు రాజ్యంతో ఎలా వేగాలో ఆ మాత్రం తెలుసు."

ఈసారి నవ్వు దీక్షితుల వైపు నుంచి కూడా వచ్చింది, ఆయన శిష్యుల్లోంచి.

"సరే, అది సైన్యమేనండీ. ఇప్పుడెక్కడుంది?"

"తోటలో. కట్టేసి ఉంది."

"అంటే గెలిచినట్టా, ఓడినట్టా?"

"ఓడినట్టే! పట్టుబడిందిగా!"

"యుద్ధం అయిపోయి మనం గెలిచాక మళ్లీ భేరి ఎందుకండీ?"

దీక్షితులు ఉత్తరీయం సర్దుకున్నారు. "మాటకారితనం ధర్మశాస్త్రం కాదమ్మా! సైన్యం కాకపోతే అదేమిటో నువ్వే చెప్పు."

"రాయబారి."

"ఏమిటీ?" అన్నారు రాజుగారు.

"దీక్షితులుగారినే అడగండి ప్రభూ. రాయబారికి గుర్తులేమిటో వారికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

అడిగితే ఆగే మనిషి కాదాయన. "ఆయుధం పట్టకూడదు. తన రాజు ముద్ర ధరించాలి. దాపరికం లేకుండా రావాలి. అలాంటివాణ్ణి చంపరాదు, బంధించరాదు, మర్యాద చేసి..." అంటూ అక్కడ ఆగారు.

"ఆయుధం లేదు, కనీసం మావటి కూడా లేడు. నుదుటి మీద పెద్దమెట్ట వారి ముద్ర ఇంకా చెరగలేదు. ఇక దాపరికమంటారా, ఏనుగు నక్కి నక్కి రావడం తమరెక్కడైనా చూశారా?"

"ఆగండి ప్రభూ! సందేశం లేనివాడు రాయబారే కాడు. ఈ ఏనుగు తెచ్చిన సందేశమేమిటో చెప్పమనండి, చూద్దాం!"

"మా రాజుగారింట మేత అయిపోయిందని."

కొలువంతా ఆమె వైపు తిరిగింది.

"నిన్న తోటకెళ్లి చూశాను ప్రభూ. మదమెక్కిన ఏనుగు తొక్కుతుంది, ఆకలేసిన ఏనుగు మేస్తుంది. మన తోటలో తొక్కిన చెరకు లేదు, మేసిన చెరకే. కంచెకి కట్టిన ఎండు తాటాకులు కూడా వదల్లేదు. పట్టపుటేనుగుకే పక్కటెముకలు బయటపడ్డాయంటే అక్కడ మిగతావాళ్ల గతేమిటి? నోరు విడిచి అడగడానికి వాళ్ల రాజుగారికి సిగ్గు. ఏనుగుకి ఆ సిగ్గు లేదు, వచ్చి చెప్పింది."

"కపటం! ఆకలి నటిస్తోంది!" అన్నారు దీక్షితులు.

"ఇన్నాళ్లూ మీరు మాట్లాడుతూనే ఉన్నారు, అది నములుతూనే ఉంది స్వామీ. ఇద్దరిలో ఎవరికీ అలుపు లేదు. అదంతా నటనేనంటారా?"

రాజుగారికి నవ్వొచ్చింది గానీ మీసం చాటున అణుచుకున్నారు. మెల్లగా అడిగారు.

"మాచసానీ, నువ్వన్నదే నిజమనుకుందాం. కరువులో ఉన్నవాణ్ణి కొడితే తేలిగ్గా గెలుస్తాం కదా?"

మాచసాని చేతులు జోడించింది.

"గెలిస్తే ఆ ఏనుగునీ, ఆ రాజ్యాన్నీ రోజూ మనమే మేపాలి ప్రభూ. ఇప్పుడైతే ఒక్కసారి పెడితే సరిపోతుంది."

రాజుగారు ఇక ఆపుకోలేకపోయారు. సింహాసనం కిర్రుమనేలా నవ్వారు.

"తెప్పలు విప్పించండి! ఏనుగు మోసినంత చెరకు దాని మీద, మిగిలింది బళ్ల మీద పంపండి. దీక్షితులుగారూ, రాయబారిని సాగనంపడానికి ఒక పండితుడు వెంట వెళ్లాలన్న ధర్మమేమైనా ఉందా?"

"ఉంది ప్రభూ," అన్నారాయన, ఆ ప్రశ్న ఎటు పోతోందో గమనించక.

"అయితే మీరే. నా పల్లకీలో వెళ్లండి. వచ్చేటప్పుడు అందులో మాచసాని కూతురు వస్తుంది. ఆమెకు అదే నా బహుమానం."

"మరి నేనెలా రావాలి ప్రభూ?"

"నడిచి రండి. హద్దు ఎక్కడుందో కాళ్లకి కూడా తెలియాలి కదా!"

కొలువంతా ఘొల్లుమంది. మాచసాని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. దీక్షితులు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.