సుంకమ్మ వాకిట్లో భోజనం

ఇది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆ పొగ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే, నివేదికలో "ఇబ్బంది ఏమీ లేదు" అని రాశాను.

పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. తర్వాతదంతా నాకు నేనే పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నది. మా మిషన్ ఆసుపత్రి కాన్పుల గదిలో ఏ కొత్త వస్తువు పనికొస్తుందో చూసి చెప్పే పనిలో నన్ను పెట్టింది సిస్టర్ రెజీనా. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ దుప్పట్లు, తొడుగులు ఉండే కాన్పు కిట్లను ఏడాదిపాటు వాడి చూశాం. నివేదిక నేనే రాశాను. దాన్ని నమ్మి ఇంకో ఆరు ఆసుపత్రులు కిట్లు కొనబోతున్నాయి. రేపే సంతకాలు.

మెచ్చుకుంటారని సిస్టర్ చేతికిచ్చాను. మొత్తం చదివారు.

"అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు సిస్టర్."

"క్యారేజీ తీసుకో. సుంకమ్మ దగ్గర తిందాం."

సుంకమ్మ పదిహేనేళ్లు మా కాన్పుల గది గుడ్డలు ఉతికి, ఉడకబెట్టి, ఎండేసింది. కిట్లు వచ్చాక ఆ పని పోయింది. ఆమె ఇల్లు ఆసుపత్రి వెనక గోడకి అవతల. వాడిన కిట్లు కాల్చే గుంట ఆ పక్కనే.

"రాండి సిస్టరమ్మా! ఈ పాప గూడ వచ్చిందే! పెద్ద పెద్ద కాగితాలు రాస్తాదంట గదా, మా చాప మీద కూచుంటాదా?" అని నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

మేం వడ్డించుకునేసరికి గుంట అంటించారు. పొగ వాకిట్లోకి వచ్చింది. నల్లటి నుసి కంచాల్లో రాలింది. నేను గబుక్కున నా కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను. సిస్టర్ పెట్టలేదు. నుసితోనే కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"అయ్యో, తినొద్దు సిస్టరమ్మా! వేరే పెడతా ఉండు."

"నీకు రోజూ వేరే ఎవరు పెడుతున్నారే?"

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. లోపల్నించి దగ్గు వినపడుతూనే ఉంది.

నాకు ఉక్రోషం వచ్చింది. "కిట్లు వచ్చాక ఒక్క బాలింతకి కూడా చీము పట్టలేదు సిస్టర్. అది అబద్ధం కాదు."

"కాదు," అన్నారు సిస్టర్. "అది రాశావు."

ఇంకో ముద్ద కలుపుకున్నారు.

నేను అడ్డం పెట్టిన చెయ్యి తీశాను. నుసితోనే రెండు ముద్దలు తిన్నాను. పొగ సంగతి తెలిసే దాచానని బయటపెడితే ఇంక నా రాతని ఎవరూ నమ్మరు. ఈ పనిలో ఉంచుతారో లేదో కూడా తెలియదు.

చెయ్యి కడుక్కున్నాను. రేపు ఆ ఆరు ఆసుపత్రుల చేత సంతకాలు పెట్టించే ఫాదర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను.