కుడితి తాగిన కోడెదూడ

కోట కట్టిస్తున్న ఒక రాజుగారు అధికారి వీరభద్రయ్య చేతికి ఓ తాడిచ్చి, "ఈ తాడు ఒంటి చుట్టూ చాలనంత బరువైన ఎద్దుల్ని రాళ్లు లాగడానికి తోలుకురా" అన్నారు.

ఓ పల్లెలో పైడమ్మ అనే ఆమెకు ఉన్నదల్లా ఒక్క కోడెదూడ. వెన్నెల ముద్దలాంటి ఆ దూడకి ఇంకా కాడి బరువే తెలియదు. వీరభద్రయ్య తాడుతో వాకిట్లోకి రాగానే, రాళ్ల బండికి కడితే దాని నడుం విరుగుతుందని ఆమె భయపడింది. అయినా ఇంటికొచ్చిన మనిషిని పస్తుంచలేక ఆయనకు కడుపారా అన్నం పెట్టింది, దూడకు కడుపునిండా కుడితి పెట్టింది.

ఆయన త్రేన్చుతూ లేచి దూడ పొట్టకు తాడు చుట్టాడు. కొసలు కలవలేదు.

"బరువైనదే. తోలుకు పదండి," అన్నాడు వెంట వచ్చిన భటులతో.

"బాబుగారూ, ఆ తాడు ఒక్కసారి మీ పొట్టకూ చుట్టించండి," అంది పైడమ్మ.

కడుపు నిండిన హుషారులో ఆయన సరేనన్నాడు. భటులు నవ్వాపుకుంటూ చుట్టారు. కొసలు కలవలేదు.

"మరి మీరూ రాళ్లు లాగుతారా బాబూ?"

"పిచ్చిదానా, ఇది ఇప్పుడు తిన్న తిండి. బలం కాదు."

"నా దూడకు నోరుంటే అదే చెప్పేది బాబూ."

వీరభద్రయ్య తన పొట్టకేసి, దూడ పొట్టకేసి చూశాడు. తాడును దూడ ముందుకాళ్ల వెనక, గుండెల చుట్టూ వేశాడు. కొసలు కలిసి ఇంకా జానెడు మిగిలింది. దూడను పైడమ్మకే వదిలేశాడు.

ఆ తర్వాత ఏ ఊరెళ్లినా, కొలత అయ్యేదాకా ఆయన పశువుల్ని కుడితి ముట్టనివ్వలేదు. తనూ విస్తరి ముందు కూర్చోలేదు.