కేథడ్రల్‌లో వెనకపాట

ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు సూర్యప్రకాశం మాస్టారికి లేదు. కాఫీ తాగుతారా అని అడిగితే, ఆయన ఊఁ అనేసరికి కాఫీ చల్లారిపోయేది. కాకినాడలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్ళు దీన్ని మహానుభావుల లక్షణమని చెప్పుకుంటారు గానీ, అలా చెప్పుకునేవాళ్ళెవరూ ఆయనతో కలిసి దేశాలు తిరగలేదు. తిరిగినవాడు నరహరి. ముఖ్య శిష్యుడు, కచేరీల్లో ఆయన వెనక కూర్చుని గొంతు కలిపేవాడు. ఆ ప్రయాణంలో అతనికి ప్రాణం విసిగిపోయింది.

ఫ్రాన్సులో ఒక పాత ఊళ్ళో తెలుగువాళ్ళు కచేరీ పెట్టించారు. దానికి ముందురోజు, ఊళ్ళో ఉన్న మధ్యయుగాల నాటి పెద్ద చర్చి, కేథడ్రల్, చూసి రమ్మని ఇద్దర్నీ గుమ్మం దగ్గర దింపి వెళ్ళారు. ఎముకలు కొరికే చలి. మాస్టారు గుమ్మంలోనే ఆగి బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

"ఇక్కడ విప్పక్కర్లేదండీ మాస్టారూ. చూడండి, అందరూ బూట్లతోనే వెళ్తున్నారు."

"వాళ్ళ దేవుడు వాళ్ళకి అలవాటైపోయాడ్రా. మనం కొత్తవాళ్ళం."

కిందటి ఊళ్ళో ఇలాగే గుమ్మం బయట వదిలిన జత ఏమైందో ఇప్పటికీ తెలీదు. అంచేత ఈ జత నరహరి చేతికొచ్చింది. చల్లటి రాతినేల మీద మేజోళ్ళతో మాస్టారు, వెనకాల ప్లాస్టిక్ సంచీలో బూట్లు పట్టుకుని శిష్యుడు. వెనక పాడటం చాలదన్నట్టు ఇప్పుడు వెనక మొయ్యడం కూడానా అని అతనికి కడుపు రగిలిపోయింది.

రగలడానికి ఇంకో కారణం ఉంది. తన దగ్గరికొచ్చేస్తే ఈ డిసెంబరులోనే సొంత కచేరీ ఇప్పిస్తానని చెన్నైలో ఒక పెద్ద విద్వాంసుడు కబురుపెట్టాడు. ఏ సంగతీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి. వెళ్ళిపోవాలనే నరహరి నిశ్చయం. కానీ గురువుగారితో ఒక్క మాటైనా అనకుండా వెళ్ళడానికి మనసొప్పక, పొద్దుట్నించీ సమయం కోసం చూస్తున్నాడు. మాస్టారేమో ఒక్కొక్క స్తంభాన్నీ తడుముతూ, పైకప్పు కేసి మెడ విరుచుకుని చూస్తూ, నత్తనడక నడుస్తున్నారు. ఆ స్తంభాలు పైకి పోయి పోయి, కొమ్మల్లా విడిపోయి, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రంగుటద్దాల కిటికీల్లోంచి ఎరుపూ నీలం నేలమీద పడి ఆయన మేజోళ్ళకి అంటుకుంటున్నాయి. నరహరి కళ్ళకి ఇవేమీ ఆనలేదు.

చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంకా ఎన్నాళ్ళండీ నేను మీ వెనక పాడటం? నాకేం తక్కువైందో అదైనా చెప్పండి!"

గట్టిగానే అన్నాడు. కొవ్వొత్తుల బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ తల తిప్పి చూసింది. మాస్టారు ఆవిడ దగ్గరికి వెళ్ళి, తన గొంతు చూపించి, నరహరిని చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో అడిగారు. ఆవిడ నవ్వి తలూపింది.

"పాడు," అన్నారు తిరిగొచ్చి. "ఎంత వేగం ఇష్టమైతే అంత వేగంగా పాడు."

నరహరికి అంతకన్నా ఏం కావాలి? సంచీ కింద పెట్టి, కల్యాణి రాగం ఎత్తుకుని, ఆలాపన పేరుకి కానిచ్చి, మూడో కాలం వేగంతో స్వరాల్లోకి దూకాడు. కాకినాడలో అయితే ఈపాటికి చప్పట్లు పడేవి. ఇక్కడ మొదటి స్వరం ప్రతిధ్వని పోకుండానే రెండోది వచ్చి దానిమీద పడింది, దానిమీద మూడోది. రిషభం గాంధారంతో కొట్లాటకి దిగింది. అణిచేద్దామని గొంతు పెంచితే రొద రెట్టింపైంది. పప్పూ పులుసూ పెరుగూ ఒకే గిన్నెలో కలిపేసినట్టయింది. ఆపేశాడు. అతను ఆపినా అది ఆగలేదు. నోరు మూసుకుని, తన పాటని తానే వింటూ నిలబడాల్సి వచ్చింది. అవమానంతో మొహం ఎర్రబడింది.

"ఈ కట్టడం మన సంగీతానికి పనికిరాదండీ!"

"ఆడలేక మద్దెల ఓడన్నదిట," అన్నారు మాస్టారు. కళ్ళు మూసుకుని ఒక్క షడ్జం పాడి, నోరు మూసేశారు. ఆ స్వరం కప్పుదాకా వెళ్ళి, అక్కడ తిరిగి, మెల్లగా దిగుతోంది. ఇక పోయిందనుకుంటుండగా, తిరిగొచ్చిన ఉయ్యాలని మళ్ళీ ఊపినట్టు, దానికి పంచమం అందించారు. మళ్ళీ ఆగారు. తరవాత గాంధారం. అంతే. ఒక్కరు పాడితే వెనక పదిమంది అందుకున్నట్టుంది. యాత్రికులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. నరహరికి ఒళ్ళు పులకరించింది. పులకరించినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"ఊఁ, ఇప్పుడు నువ్వు. షడ్జం చాలు."

పాడాడు. ఆగడం నరకంలా ఉంది. తరవాతి స్వరం కోసం గొంతు దురదపెట్టింది. పళ్ళబిగువున ఆగాడు. పైనుంచి ఎవరిదో గొంతు దిగొచ్చింది. కాస్త వణుకుతూ, చివర్లో శ్రుతికి వెంట్రుకవాసి తక్కువగా ఉంది. అది తనదేనని తెలియడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు, ఒక స్వరం వదిలేలోపే తరవాతి స్వరంలో ఉండేవాడు.

ఎవరూ అడక్కుండానే మళ్ళీ పాడాడు, ఈసారి సరిచేసుకుని. కానీ పాడాడో లేదో విసుగు పొంగుకొచ్చింది.

"అయితే నన్ను చెన్నై వెళ్ళద్దంటారు, అంతేగా?"

నోరు జారిన సంగతి అన్నాక గాని తెలీలేదు. మాస్టారు ఆశ్చర్యపోలేదు. వంగి, బూట్ల సంచీ తనే చేతిలోకి తీసుకున్నారు.

"నేనెందుకంటానూ? సుఖంగా వెళ్ళు," అని, వేలెత్తి పైకప్పు చూపించారు. "నీ షడ్జం ఇంకా పైనే ఉందిరా. అది దిగొచ్చాక వెళ్ళు."