పక్క దుకాణం రద్దీ

ఓదెలు గురువు ముందు కూర్చున్నాడు గానీ, మనసు నిలవడం లేదు.

జగిత్యాలలో అతనిది ఆక్సిజన్ సిలిండర్లు ఇళ్లకు చేరవేసే చిన్న వ్యాపారం. ఊపిరితిత్తులు చెడి మంచం పట్టినవాళ్లకు అతనే దిక్కు. సిలిండర్ కావాలంటే అతని వెబ్‌సైట్‌లోనే అడగాలి. ఫోన్ చేసి చెప్పే పద్ధతిని అతనే మాన్పించాడు.

మొన్న ఆ సైట్ పొద్దంతా ఆగిపోయింది. సిలిండర్ అందక కొమురయ్య అనే కంకర క్రషర్ కూలీ చనిపోయాడు.

"ఇందుల నా తప్పేముంది గురువు గారూ?" అన్నాడు ఓదెలు. "మా సైట్ ఉండే కంప్యూటర్, సర్వర్ అంటరు దాన్ని, మా ఒక్కరిది కాదు. చానామంది దుకాణాలోళ్లం కలిసి కిరాయికి వాడుకుంటం. ఆ రోజు ఓ బట్టల దుకాణమాయన సగం ధరకే చీరలన్నడు. జనమంతా ఆయన సైట్ మీద పడ్డరు. ఆ రద్దీకి సర్వర్ కూలబడ్డది. దాంతో మాది గూడ ఆగింది. నేనేం జేద్దును?"

లింగమూర్తి గురువు అచల బోధ అనే తత్వం చెప్పే పెద్దాయన. మాట తక్కువ.

"వేరే తొవ్వ లేకుండెనా?" అని అడిగాడు.

ఓదెలు తల దించుకున్నాడు. "సైట్ చేసిచ్చిన మేడం చెప్పింది. రోగుల పని గదా, మీకంటూ ఓ సర్వర్ తీసుకోండ్రి, పక్కోళ్ల రద్దీ మీ మీద పడదన్నది. చిన్న వ్యాపారానికి అదంతా ఎందుకనుకున్న."

గురువు లేచి కండువా భుజాన వేసుకున్నాడు.

"నడువు."

కొమురయ్య ఇంట్లో మంచం ఎత్తేశారు. ఖాళీ సిలిండర్ ఇంకా గోడకు ఆనించే ఉంది. గురువు నేల మీద కూర్చుని, కొమురయ్య భార్య భూదేవిని అడిగాడు. "ఆ రోజు ఏమైంది బిడ్డా?"

ఆమె ఫోన్ తీసి చూపించింది.

"ఈ బటన్ ఒత్తుమని మా బిడ్డ నేర్పింది. ఒత్తిన. గుండ్రంగ తిరుగుతనే ఉన్నది. మల్ల ఒత్తిన, మల్ల ఒత్తిన. ఆయన నా చెయ్యి పట్టుకొని దాన్నే చూస్తుండె. చదువు రానిదాన్ని. నాకే ఒత్తుడు రాలేదయ్యా. తెలిసినోళ్లయితే బతికించుకుందురు."

గురువు ఓదెలు వైపు తిరిగాడు.

"నాకు చెప్పింది ఆమెకు గూడ చెప్పు."

ఓదెలు నోరు తెరిచాడు. చీరలు, జనం, పక్క దుకాణం, ఒక్కటీ ఆమె ముందు చెప్పదగ్గ మాటగా తోచలేదు. భూదేవి అతని ముఖంలోకే చూస్తోంది.

"నువ్వు మంచిగనే ఒత్తినవక్కా," అన్నాడు చివరికి. "నా దగ్గరే ఆగిపోయింది."

ఆమె ఫోన్ కొంగులో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

సందులోకి వచ్చాక ఓదెలు గురువును ఆపాడు.

"రేపే సొంత సర్వర్ పెట్టిస్త గురువు గారూ. ఫోన్ల మీద గూడ ఆర్డర్లు తీసుకుంట."

"పెట్టించు," అన్నాడు గురువు. "మంచాల మీద ఇంకా చానామంది ఉన్నరు."

కొంచెం దూరం నడిచాక మళ్లీ అన్నాడు.

"ఈ ఇంటికైతే ఇంక అక్కర లేదు."