ముల్లు కదలని నాలుగు నెలలు

నీరజ రావడం మానేసి మూడు నెలలైంది. "బద్ధకస్తురాలు" అని తేల్చేసి ఊరుకుంది భార్గవి.

కాకినాడలో గౌసు ఉస్తాదుది పాత తాలింఖానా. ఒకప్పుడు మగవాళ్ళు కర్రసాము, కుస్తీ నేర్చుకున్న చోటు. ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి ఆడవాళ్ళు దండీలు, బస్కీలు తీస్తున్నారు. మోకాళ్ళు సహకరించక ఉస్తాదు ఆ తరగతిని శిష్యురాలు భార్గవికి అప్పగించాడు. భార్గవి మంచి శిష్యురాలే. గొంతు వింటే మాత్రం ఎవరికి ఎవరు ఉస్తాదో తెలిసేది కాదు.

సోమవారం వస్తే చాలు, బరువు మిషను బయటికొచ్చేది. పలక మీద పేర్లు, పక్కన కిలోలు. తగ్గినవాళ్ళకి చప్పట్లు, తగ్గనివాళ్ళకి పాతిక బస్కీలు అదనం. అరకిలో కోసం ఆదివారమంతా అన్నం మానేసి, గాజులు కూడా తీసి మిషనెక్కిన మహాతల్లులున్నారు.

నీరజ జిరాక్సు షాపులో పనిచేస్తుంది. పాతికేళ్ళు. పీసీఓఎస్. నెలసరి తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. లివరుకి కొవ్వు పట్టింది, షుగరు గడప దాకా వచ్చింది, ఒళ్ళు కదపమని డాక్టరమ్మ పంపింది. నాలుగు నెలలు ఒక్కరోజూ మానలేదు. ముల్లు మాత్రం డెబ్బై ఎనిమిది దగ్గరే బైఠాయించింది.

"నీరజా, ఈ ముల్లుకి నీ మీద ఎంత ప్రేమే! నిన్ను చూస్తే కదలనంటోంది" అంది భార్గవి ఓ సోమవారం.

అందరూ నవ్వారు. నీరజ అందరికంటే ముందే నవ్వింది. మర్నాటి నుంచి రాలేదు.

ఇవాళ తరగతి అయిపోయాక నీరజ తల్లి వేణమ్మ వచ్చింది. చేతిలో మూడు కాగితాలు. ఉస్తాదు ముందు వరసగా పరిచింది.

"ఇది ఇక్కడ చేరకముందుదండి. ఇది మానేసిన వారంలోది. ఇది నిన్నటిది. మధ్య కాగితంలో అన్నీ బాగున్నాయంటండి. లివర్లో కొవ్వు బాగా తగ్గిందంట, షుగరు దిగిందంట. నెలసరి కూడా వరసగా రెండు నెల్లు సరిగ్గా వచ్చింది. ఆ కాగితం మాకు చూపించనే లేదండి. పరుపు కింద పెట్టేసింది. బరువు తగ్గలేదు కదమ్మా, ఇంకేం చూపించమంటావంటది."

"మరి నిన్నటిది?" అడిగాడు ఉస్తాదు.

"మళ్ళీ మొదటికొచ్చిందండి."

భార్గవి కాగితాలు తీసి తిప్పి చూసింది. మూడింటి మీదా బరువు డెబ్బై ఎనిమిదే.

"బరువు తగ్గకుండా లివరెలా బాగుపడుతుంది ఉస్తాద్ గారూ? మధ్యది ఇంకెవరిదో అయ్యుంటుంది. ల్యాబువాళ్ళు మార్చేసి ఉంటారు."

ఉస్తాదు కర్ర పట్టుకుని గోదా దగ్గరికి నడిచాడు. కుస్తీల కోసం ఎర్రమట్టి నింపిన గుంట అది. రోజూ తవ్వి మెత్తగా ఉంచే గోదాలో పడమటి మూల ఈ ఎండాకాలం ఎవరూ పార వెయ్యలేదు. రాయిలా బిగిసింది.

"ఆ మూల ఒక చెంబెడు నీళ్ళు పొయ్యి తల్లీ."

భార్గవి పోసింది. నీళ్ళు లోపలికి దిగలేదు. అటూ ఇటూ పరుగెత్తి ఆమె పాదాల దగ్గరికే వచ్చి నిలబడ్డాయి.

"పక్కన పొడిగా ఉన్నచోట ఒక గడ్డ పెకలించి తట్టలో వెయ్యి. తూచు."

మిషను తెచ్చి తూచింది. తట్టతో కలిపి తొమ్మిది కిలోలు.

"ఇప్పుడు దాన్ని గుల్ల చెయ్యి. పిసరు కూడా బయట పడకూడదు."

భార్గవి చేత్తో ప్రయత్నించింది. లొంగలేదు. రోకలి తెచ్చి, తట్టలోనే నెమ్మదిగా దంచింది, నలిపింది, వేళ్ళతో విడదీసింది. అరగంట పట్టింది. జాకెట్టు తడిసిపోయింది. మట్టి గుల్లై తట్టలో పొంగి కూర్చుంది.

"తూచు."

తొమ్మిది కిలోలు. భార్గవి మిషనుని ఒకసారి కాలితో తట్టి మళ్ళీ చూసింది. తొమ్మిదే.

"నీళ్ళు పొయ్యి."

చెంబు వంచింది. మట్టి చప్పుడు లేకుండా తాగేసింది. తట్ట కింద ఒక్క చుక్క రాలేదు.

భార్గవి చెంబు కింద పెట్టింది. తర్వాత మధ్య కాగితం తీసుకుని మడత విప్పి, ఈసారి బరువు రాసినచోట కాకుండా కింది వరసలు చదివింది.

"వేణమ్మ గారూ, నీరజ ఇప్పుడెక్కడుంటుంది?"

"షాపులోనే అమ్మా."

మట్టి చేతులతోనే వెళ్ళింది. గంట తర్వాత తిరిగొచ్చింది. ఉస్తాదు అక్కడే కూర్చుని ఉన్నాడు.

"కలిసిందా?"

"కలిసింది. తప్పు నాదని చెప్పాను. అయ్యో అదేం లేదక్కా అంది. చాయ్ తెప్పించింది. రేపటి నుంచి రమ్మన్నాను. చూస్తానక్కా అంది. పోనీ ఇంట్లోనైనా చెయ్యి అన్నాను. అలాగే అక్కా అంది." భార్గవి గొంతు తగ్గింది. "ఎంత మర్యాదగా మాట్లాడిందంటే, ఇక రాదని అర్థమైపోయింది."

"రేపు మళ్ళీ వెళ్తావా?"

"వెళ్తాను. ఎల్లుండీ వెళ్తాను. కానీ ఎన్నాళ్ళు పడుతుంది ఉస్తాద్ గారూ?"

ముసలాయన నిన్నటి కాగితాన్ని మోకాలి మీద చదును చేశాడు.

"లివరుకి తొందరుంది తల్లీ, మనసుకి తొందర లేదు. రెండూ ఆ ఒక్క పిల్లలోనే ఉన్నాయి."